చేతుల మీద గరుకు పొక్కులా? ముందు పీచు పక్కన పెట్టండి

జబ్బల వెనక, తొడల మీద చిన్న చిన్న పొక్కులు. నొప్పి ఉండదు, దురద కూడా పెద్దగా ఉండదు. చేత్తో తడిమితే మాత్రం ఉప్పుకాగితంలా గరగరలాడతాయి. డాక్టర్లు దీన్ని కెరటోసిస్ పైలారిస్ అంటారు. చర్మంలో ఉండే కెరటిన్ అనే ప్రొటీన్ పేరుకుపోయి, వెంట్రుక మొలిచే రంధ్రానికి అడ్డుపడటం వల్ల వస్తుంది. అంటుకునేది కాదు. అమ్మకో నాన్నకో ఉంటే పిల్లలకు రావడం మామూలే. టీనేజీలో ఎక్కువగా కనిపిస్తుంది, ముప్పై దాటేసరికి చాలామందికి తగ్గుతుంది.

నల్లగొండ వైపు ఒంటికి ఏమొచ్చినా ముందు ఫ్లోరైడ్ నీళ్లనే అనుమానిస్తాం. ఫ్లోరోసిస్ పట్టేది పళ్లను, ఎముకలను. ఈ పొక్కులకు దానితో సంబంధం లేదు.

మొదట మార్చాల్సింది స్నానం. చలికాలంలో పొగలు కక్కే నీళ్లు హాయిగానే ఉంటాయి కానీ, ఉన్న కాస్త తేమనూ లాగేస్తాయి. గోరువెచ్చని నీళ్లతో పది నిమిషాల్లో ముగించండి. పీచుతో, సున్నిపిండితో బరబరా తోమకండి. తోమితే పొక్కులు పోవు, చర్మం ఎర్రబడుతుంది. మన రంగు చర్మం మీద ఆ తర్వాత మిగిలే నల్ల మచ్చలు ఓ పట్టాన వదలవు. గిల్లడం కూడా అంతే. బోరు నీళ్లు ఉప్పగా ఉండే ఊళ్లలో సబ్బు జిడ్డు ఒంటి మీదే ఉండిపోతుంది, అందుకే సబ్బు తక్కువ వాడండి.

తువ్వాలుతో రుద్దకుండా అద్దుకుని, ఒళ్లు ఇంకా చెమ్మగా ఉండగానే క్రీము రాయండి. అసలు పని చేసేది ఇదే. 10 శాతం యూరియా ఉన్న క్రీము గానీ, 12 శాతం లాక్టేట్ లోషన్ గానీ గరుకును మెత్తబరుస్తుంది. మొదట్లో రోజు విడిచి రోజు రాత్రిపూట కొద్ది చోటే రాసి చూడండి. మంట పుడితే ఆపేసి, వాసెలిన్‌తో సరిపెట్టుకోండి. చిన్నపిల్లలకైతే డాక్టరును అడిగాకే వాడాలి. ఈ పొక్కులకు కొందరికి రాసిచ్చే రెటినాయిడ్ (విటమిన్ ఎ రకం మందు) క్రీములు గర్భిణులు అసలు వాడకూడదు. లాక్టేట్ రాసేవాళ్లు పాలమూరు ఎండల్లో ఫుల్ చేతుల కాటన్ చొక్కా వేసుకుంటే మంచిది.

తేడా తెలియడానికి నెలా రెండు నెలలు పడుతుంది. ఆపేస్తే మళ్లీ వస్తాయి, టెన్షన్ పడి క్రీములు మార్చకండి. మెడికల్ షాపుకెళ్లి “ఏదో ఒక ట్యూబ్ ఇవ్వన్నా” అని మాత్రం అడగొద్దు. ట్యూబ్ మీద బీటామెథసోన్, క్లోబెటసాల్ అని ఉంటే అది స్టెరాయిడ్. సొంతంగా రోజూ రాస్తే చర్మం పలచబడుతుంది.

చీము పట్టినా, విపరీతంగా దురద పెట్టినా చర్మ డాక్టరుకు చూపించండి. పిల్లలకు మోచేతులు, మోకాళ్ల మీద పెద్ద పొక్కులు వచ్చి, మసక చీకట్లో సరిగా కనిపించడం లేదంటే అది విటమిన్ ఎ లోపం కావచ్చు. క్రీములతో కాలయాపన చేయకుండా వెంటనే నల్లగొండ లేదా మహబూబ్‌నగర్ ప్రభుత్వ జనరల్ ఆసుపత్రికి తీసుకెళ్లండి.