వెటకారం లేకుండా నవ్వించడం: టీచర్లకు కొన్ని మెలకువలు

మధ్యాహ్న భోజనం అయ్యాక పీరియడ్. ఫ్యాను తిరుగుతున్నా గాలి రాదు, ముందు బెంచీలో ఇద్దరు తూగుతుంటారు, అప్పుడే హెచ్చెమ్ గది నుంచి "అర్జెంటుగా వివరాలు కావాలట" అని కబురు. ఇలాంటప్పుడు నోటికి ముందుగా వచ్చేది వెటకారమే. "నీ బుర్రలో మట్టి తప్ప ఏమైనా ఉందా?" అంటే తరగతంతా గొల్లుమంటుంది, మీకూ కాస్త కసి తీరినట్టు ఉంటుంది. కానీ ఆ పిల్లవాడు ఇక చెయ్యెత్తడు. పక్కవాళ్ళు తమ వంతు ఎప్పుడొస్తుందోనని జంకుతారు. రెండు నెలలు తిరిగేసరికి ప్రశ్న అడిగితే పలికే నాథుడుండడు, మీ పని రెట్టింపవుతుంది. పైగా 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ పిల్లల్ని కొట్టడంతోపాటు మానసికంగా వేధించడాన్ని కూడా నిషేధించింది.

అందుకని నోరు తెరిచేముందు ఒక్కటి చూసుకోండి: నవ్వు ఎవరి మీద పడుతోంది? ఒడ్డూపొడుగు, రంగు, కులం, ఇంటి పరిస్థితి, చదవలేకపోవడం – వీటి జోలికి పోవద్దు. యాస కూడా ఈ జాబితాలోదే. బదిలీ మీద కొత్త జిల్లాకు వెళ్ళినవాళ్ళు తెలియకుండానే చేసే తప్పు ఇది. పిల్లల మాటను అనుకరించి నవ్వించడం మొదటి వారం బాగానే ఉంటుంది, తర్వాత వాళ్ళు మీ ముందు మాట్లాడటం మానేస్తారు. అదే మీ చేతిరాత, విరిగిపోతున్న సుద్దముక్క, పాఠంలోని అంకెలూ అక్షరాలూ అయితే ఎంత నవ్వినా నొచ్చుకునేవాళ్ళు లేరు.

పాఠంలోంచే పుట్టాలి

పాఠంతో సంబంధం లేని జోకు పది నిమిషాలు తినేసి పోతుంది. మనస్తత్వ శాస్త్రవేత్త అవ్నెర్ జివ్ 1988లో ప్రచురించిన ప్రయోగాల్లో, పాఠానికి ముడిపడిన హాస్యంతో చదువుకున్న కాలేజీ విద్యార్థులకు పరీక్షలో మార్కులు ఎక్కువ వచ్చాయి. బడిలో ఇది పనిచేయాలంటే వరస ముఖ్యం. ముందు భావన చెప్పాలి, తర్వాత అర నిమిషం చమత్కారం, వెంటనే అదే భావన మళ్ళీ మామూలు మాటల్లో, బోర్డు మీద ఒక ఉదాహరణతో. చమత్కారం ముందు పెడితే పిల్లలకు అదే గుర్తుంటుంది, లెక్క గుర్తుండదు.

402లోంచి 157 తీసివేత తీసుకోండి. రెండులోంచి ఏడు పోదు. రెండు తన పక్కింటి సున్నాను చేబదులు అడిగింది. సున్నా జేబులు తిరగేసి చూపించింది. చివరికి సున్నాయే అవతలింటి నాలుగు దగ్గరికెళ్ళి ఒక వంద తెచ్చుకుంది. వందంటే పది పదులు. అందులో ఒకటి రెండుకిచ్చి తొమ్మిది తన దగ్గర దాచుకుంది. పిల్లలు తప్పుచేసేది సరిగ్గా ఆ తొమ్మిది దగ్గరే, అందుకే నవ్వు కూడా అక్కడే ఆగాలి: "సున్నా ఇప్పుడు ధనవంతురాలు, ఎంత ఉంది?" జవాబు 245 వచ్చేదాకా కథ వదలొద్దు. (అప్పు అనకుండా చేబదులు అనడానికి కారణం ఉంది. ఇంట్లో అప్పుల గొడవ నడుస్తున్న పిల్లలు ప్రతి తరగతిలోనూ ఉంటారు.)

తెలుగు మాస్టార్లకు సరుకు వెతుక్కునే పనే లేదు. "మా అమ్మ అట్టు వేసింది" అని రాయమంటే వత్తు ఎగిరిపోయి "మా అమ్మ అటు వేసింది" అవుతుంది. ఎటు వేసిందని అడగండి చాలు, వత్తు ఎందుకో వేరే చెప్పక్కర్లేదు. "అర్ధమైంది" అని రాసినవాడికి సగమే అయిందన్నమాట, మిగతా సగం "అర్థం" అని దిద్దుకున్నాక అవుతుంది. ఇవి ఎవరి పుస్తకంలోంచి వచ్చాయో మాత్రం చెప్పకండి. బోర్డు మీద మీరే రాయండి.

పీరియడ్‌కు రెండు మూడు చమత్కారాలు చాలు. అంతకు మించితే పిల్లలు పాఠం వదిలేసి తర్వాతి జోకు కోసం ఎదురుచూస్తారు. 'ఎ' సెక్షన్‌లో వేసిన జోకు ఇంటర్వెల్ కల్లా 'బి' సెక్షన్‌కు చేరిపోతుంది కాబట్టి రెండోది చేతిలో ఉంచుకోండి. పేలకపోతే వివరించకుండా ముందుకు వెళ్ళిపోవడమే మర్యాద.

నవ్వాక తరగతి చేజారితే

ఎక్కువమంది భయపడేది దీనికే. నవ్వు మీద గొంతు పెంచి అరిస్తే గోల ఇంకా పెరుగుతుంది. జూన్‌లోనే ఒక గుర్తు అలవాటు చేయండి: మూడు చప్పట్లు, తర్వాత బోర్డుకు ఎడమపక్క నిలబడి మౌనం. ఆ వెంటనే చేతికి పని: "రెండు నిమిషాలు, ఈ లెక్క." రాత మొదలైతే గోల దానంతటదే దిగుతుంది. డిక్టేషన్‌కు ముందు మాత్రం జోకు వద్దు.

బోర్డు మీద మీరే తప్పు రాస్తే, కనిపెట్టిన పిల్ల చేతికి సుద్దముక్క ఇచ్చి దిద్దించండి. అయితే "నాకే లెక్కలు రావు" అని రోజూ అనడం వేరు. మనస్తత్వ శాస్త్రవేత్త రాడ్ మార్టిన్ బృందం 2003లో హాస్యాన్ని నాలుగు రకాలుగా విడదీసింది. నలుగురినీ కలిపేది, మనల్ని మనం నిలబెట్టుకునేది, ఎదుటివాళ్ళను గాయపరిచేది, మనల్ని మనమే కించపరుచుకునేది. చివరి రెండూ దూరంగా పెట్టాల్సినవే. పిల్లలు పెట్టిన మారుపేరు చెవిన పడితే ఎవరు పెట్టారని విచారణ వద్దు. అది బొత్తిగా బూతు కాకపోతే ఒకసారి మీరే పలికేయండి, సగం సరదా పోతుంది.

స్టాఫ్‌రూమ్‌లో

విద్యాహక్కు చట్టం 27వ సెక్షన్ జనగణన, విపత్తు సహాయం, ఎన్నికలు తప్ప మిగతా చదువేతర పనులకు టీచర్లను పంపకూడదంటుంది. యాప్‌లు, ఫొటోలు, పట్టికలు మాత్రం బడిలోనే వచ్చి పడతాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2022 నుంచి టీచర్లకు యాప్‌లో ముఖం చూపిస్తేనే హాజరు. సర్వర్ మొరాయించినప్పుడు "ఇవాళ నా ముఖం నాకే నచ్చలేదు, దానికేం నచ్చుతుంది" అని పక్క టీచర్‌తో అనుకుంటే బీపీ తగ్గుతుంది. అదే మాట అధికారిక వాట్సాప్ గ్రూపులో పెడితే స్క్రీన్‌షాట్ ఎంఈవో (మండల విద్యాధికారి) దాకా వెళ్తుంది.

ఒక చిన్న నోటుబుక్కు పెట్టుకోండి. పిల్లల వింత సమాధానాలు, విన్న రోజే, రెండు వరసల్లో, పేరు లేకుండా రాయండి. సాయంత్రానికి వాయిదా వేస్తే అసలు మాట జారిపోతుంది. మరీ విసిగిన రోజు లీజర్ పీరియడ్‌లో తీసి నాలుగు పేజీలు చదవండి. జవాబు పత్రం ఫొటో తీసి స్టేటస్ పెట్టడం మాత్రం తప్పు. చేతిరాత చూసి ఊరంతా గుర్తుపడుతుంది. పదో తరగతి స్పాట్‌లో (పబ్లిక్ పరీక్షల పేపర్లు దిద్దే చోట) అయితే పేపరు బయటికి పొక్కడమే నేరం, అక్కడ నవ్వు టీ తాగే దగ్గరే.

నోటుబుక్కు తీసినా నవ్వు రావట్లేదు, ఆదివారం సాయంత్రం నుంచే గుండె దడ, రెండు వారాలుగా నిద్ర లేదు అంటే అది హాస్యంతో నడిపించే విషయం కాదు. డాక్టర్‌కు చూపించుకోవాలి. కేంద్ర ప్రభుత్వ టెలీ మానస్ నంబరు 14416 ఇరవై నాలుగు గంటలూ ఉచితం, తెలుగులోనూ మాట్లాడతారు.