ఆషాఢం వెళ్లేలోపు గ్రాఫిక్స్ డ్రైవర్ సంగతి చూసుకోండి

చెన్నై వడపళనిలో పెళ్లి వీడియోలు ఎడిట్ చేసుకుని బతికే మాబోటివాళ్లకు ఏడాది మొత్తంలో ఊపిరి తీసుకునే నెల ఆషాఢం. తెలుగువారికి ముహూర్తాలుండవు. దాదాపు ఆ రోజుల్లోనే ఆడి మాసం కూడా తగులుతుంది కాబట్టి తమిళుల పెళ్లిళ్లూ ఆవణి దాకా ఆగుతాయి. ఆ తీరికలో లెన్సులు శుభ్రం చేయిస్తాం, లైట్ స్టాండ్లకు మరలు బిగిస్తాం, పాత బ్యాటరీలు మార్చుకుంటాం. కంప్యూటర్‌ను మాత్రం ‘బాగానే నడుస్తోందిగా’ అని ముట్టుకోం. శ్రావణంలో, చేతినిండా పని ఉన్న రోజున, అదే మొండికేస్తుంది.

ఒక శ్రావణంలో నాకు జరిగింది ఇదే. నాలుగు గంటల పెళ్లి వీడియోను, ఎడిట్ చేసినదంతా పూర్తి ఫైలుగా తయారయ్యేలా, రాత్రి రెండర్‌కు పెట్టి ఇంటికి వెళ్లాను. పొద్దున్నే మా కుర్రాడు ఫోన్ చేసి, “అన్నా, మానిటర్ పోయినట్టుంది, అక్షరాలన్నీ గుమ్మడికాయలంత కనిపిస్తున్నాయి” అన్నాడు. మానిటర్‌కు ఏమీ కాలేదు. రాత్రి అప్‌డేట్ దిగింది, కంప్యూటర్ తనంతట తాను రీస్టార్ట్ అయింది, గ్రాఫిక్స్ కార్డును విండోస్‌తో కలిపి నడిపించే డ్రైవర్ అనే సాఫ్ట్‌వేర్ స్థానంలో మరొకటి వచ్చి కూర్చుంది. రెండర్ సగంలోనే ఆగిపోయింది. పాత డ్రైవర్ ఫైలు దాచుకోలేదు, దాని నంబరూ రాసుకోలేదు. ఆ రోజంతా వెతుకులాటలోనే గడిచింది. మధ్యలో పెళ్లికూతురి మేనమామ ఫోన్: “ఆల్బమ్ తర్వాత చూద్దాం గానీ బాబూ, వీడియో ఈ రోజు ఇస్తానన్నావు కదా?” తప్పు నాదే కాబట్టి ఏం చెప్పాలో తోచలేదు.

ఇలా ఎందుకవుతుందో తెలిస్తే సగం భయం పోతుంది. ప్రతి గ్రాఫిక్స్ కార్డుకూ లోపల ఒక గుర్తింపు ఉంటుంది. చిప్ ఎవరిది, ఏ మోడల్ అన్నంతవరకే ఉండే గుర్తింపు ఒకటి, దాన్ని ఏ కంపెనీ ఏ ల్యాప్‌టాప్‌లో బిగించిందో కూడా చెప్పేది మరొకటి. మొదటిది ఒట్టి పేరు, రెండోది ఇంటిపేరూ ఊరూ కలిపి చెప్పిన పేరు అనుకోండి. విండోస్ డ్రైవర్‌ను ఎంచుకునేటప్పుడు ఇంటిపేరుతో సహా సరిపోయినదానికే పెద్దపీట వేస్తుంది. దాని ముందు తేదీ, వెర్షన్ నంబరు దిగదుడుపే. అందుకే మీరు చిప్ తయారీదారు నుంచి తెచ్చుకున్న తాజా డ్రైవర్ పక్కకు పోయి, ల్యాప్‌టాప్ కంపెనీ ఎప్పుడో ఇచ్చిన పాతది తిరిగి రావచ్చు. మీ ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ ఏమో కొత్తది కావాలంటుంది. గొడవ అక్కడ మొదలవుతుంది.

తెర నల్లబడితేనే తేడా వచ్చిందనుకోకండి. ఏ ఆర్భాటం లేకుండా వచ్చే తేడా ఎక్కువ కష్టం కలిగిస్తుంది. ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ ప్రీమియర్ మీ కార్డును గుర్తించలేకపోతే ఒక్కోసారి సాఫ్ట్‌వేర్ రెండరింగ్‌కు మారిపోయి పని చేస్తూనే ఉంటుంది, ఎద్దుబండి వేగంతో. ప్రాజెక్ట్ సెట్టింగ్స్‌లో ‘రెండరర్’ అన్నచోట ‘కుడా’ (ఎన్విడియా కార్డుతో రెండర్ చేసే పద్ధతి) బదులు ‘సాఫ్ట్‌వేర్ ఓన్లీ’ కనిపిస్తే సంగతి అర్థమైనట్టే. ఏఎండీ కార్డున్నవారికి వారి సాఫ్ట్‌వేర్ తెరవగానే, విండోస్ అప్‌డేట్ మీ డ్రైవర్‌ను మార్చి ఉండవచ్చన్న హెచ్చరిక వస్తుంది. దాన్ని చూడకుండా మూసేసేవాళ్లే ఎక్కువ. డివైస్ మేనేజర్‌లో ‘డిస్‌ప్లే అడాప్టర్స్’ కింద మీ కార్డు పేరుకు బదులు ‘మైక్రోసాఫ్ట్ బేసిక్ డిస్‌ప్లే అడాప్టర్’ అని ఉంటే, అసలు డ్రైవర్ ఎక్కనేలేదని అర్థం.

ఇక ఎప్పుడు జాగ్రత్తపడాలన్నది. మైక్రోసాఫ్ట్ 2003 నుంచి ప్రతి నెలా రెండో మంగళవారం భద్రతా అప్‌డేట్లు విడుదల చేస్తోంది. ఆషాఢ శ్రావణాల్లో అది మన గడియారం ప్రకారం రాత్రి పదిన్నర, నవంబరు నుంచి మార్చి మొదటి వారం దాకా పదకొండున్నర. క్యాలెండర్‌లో రాహుకాలం చూసుకున్నట్టే ఆ మంగళవారాన్ని కూడా గుర్తు పెట్టుకోండి. డ్రైవర్లు మిగతా రోజుల్లోనూ దిగవచ్చు కానీ, రీస్టార్ట్‌ల తాకిడి ఎక్కువగా ఉండేది ఆ వారంలోనే. ఆ రాత్రి మాత్రం పెద్ద రెండర్ పెట్టకండి.

‘యాక్టివ్ అవర్స్’ గురించి కాస్త ఆగి చెప్పాలి, ఎందుకంటే దాదాపు అందరూ దాన్ని తలకిందులుగా పెడతారు. ఆ గంటల్లో విండోస్ తనంతట తాను రీస్టార్ట్ కాకుండా ఆగుతుంది. మనుషులు పగలు పనిచేస్తారని పగటి గంటలే పెడతారు. మన కంప్యూటర్ అసలు పని చేసేది రాత్రి, మనం నిద్రపోతున్నప్పుడు. గరిష్ఠంగా 18 గంటలు పెట్టుకోవచ్చు. నేను సాయంత్రం 5 నుంచి మర్నాడు ఉదయం 11 వరకు పెట్టాను. రీస్టార్ట్ అయితే మధ్యాహ్నమే అవుతుంది, అప్పుడు కుర్రాళ్లు ఎదురుగానే ఉంటారు.

మరీ ముఖ్యమైన వారాల్లో ‘పాజ్ అప్‌డేట్స్’ వాడండి, ఐదు వారాల వరకు ఆపుకోవచ్చు. కానీ సీజన్ అంతా అప్‌డేట్లు లేకుండా లాగించే ఆలోచన వద్దు. మన కంప్యూటర్లలోకి రోజుకొకరి పెన్‌డ్రైవ్ దూరుతుంటుంది. భద్రతా సవరణలు లేకపోతే డ్రైవర్ గొడవకన్నా పెద్ద ఉపద్రవమే వస్తుంది. ఆపవలసింది డ్రైవర్లను మాత్రమే. విండోస్ ప్రో ఉన్నవారికి గ్రూప్ పాలసీలో, విండోస్ అప్‌డేట్ విభాగం కింద, అప్‌డేట్లతోపాటు డ్రైవర్లను చేర్చవద్దని చెప్పే అమరిక ఉంది. దాన్ని ‘ఎనేబుల్’ చేస్తే చాలు. హోమ్ ఎడిషన్‌లో ఆ కిటికీయే ఉండదు. వారు సిస్టమ్ ప్రాపర్టీస్‌లోని ‘హార్డ్‌వేర్’ ట్యాబ్‌లో ‘డివైస్ ఇన్‌స్టలేషన్ సెట్టింగ్స్’ తెరిచి ‘నో’ పెట్టుకోవాలి. ‘ఆప్షనల్ అప్‌డేట్స్’లో కనిపించే డ్రైవర్లను తోచినప్పుడల్లా నొక్కే అలవాటు కుర్రాళ్లకుంటే మాన్పించండి.

ఈ వారమే చేసి పెట్టవలసిన పని గంటకు మించదు. ఇప్పుడు బాగా నడుస్తున్న డ్రైవర్ వెర్షన్ నంబరు కాగితం మీద రాయండి. అదే వెర్షన్ ఇన్‌స్టాలర్‌ను పెన్‌డ్రైవ్‌లో వేసుకోండి. ల్యాప్‌టాప్ అయితే లోపలి ఇంటెల్ లేదా ఏఎండీ గ్రాఫిక్స్ డ్రైవర్ కూడా కావాలి. చాలా ల్యాప్‌టాప్‌లలో తెరకు బొమ్మ చేరేది దాని మీదుగానే. పాత డ్రైవర్‌ను పూర్తిగా తుడిచేసే డిస్‌ప్లే డ్రైవర్ అన్‌ఇన్‌స్టాలర్, అందరూ డీడీయూ అనేది, అదీ అందులోనే ఉండాలి. తర్వాత ‘సిస్టమ్ రిస్టోర్’ ఆన్‌లో ఉందో లేదో చూడండి. చాలా కంప్యూటర్లలో అది ఆపేసే ఉంటుంది. ఆన్ చేసి ఒక రిస్టోర్ పాయింట్ పెట్టండి, తేడా వస్తే విండోస్‌ను ఆ స్థితికి వెనక్కి తేవచ్చు. అది మీ వీడియో ఫైళ్లను కాపాడదు సుమా, వాటికి వేరే హార్డ్‌డిస్క్ ఉండాల్సిందే. 2018 అక్టోబరులో వచ్చిన విండోస్ 10 అప్‌డేట్ కొందరి డాక్యుమెంట్లనే తుడిచిపెట్టడంతో మైక్రోసాఫ్ట్ దాన్ని కొద్ది రోజుల్లోనే నిలిపివేయవలసి వచ్చింది.

బిట్‌లాకర్ కీని, అంటే డిస్కుకు విండోస్ వేసే తాళాన్ని తెరిచే సంఖ్యను, ఎవరూ పట్టించుకోరు. డిస్కు ఎన్‌క్రిప్ట్ అయి ఉంటే, సేఫ్ మోడ్‌కు (అత్యవసరమైనవి మాత్రమే పెట్టుకుని విండోస్ తెరుచుకునే పద్ధతి) వెళ్లే దారిలో కంప్యూటర్ 48 అంకెల కీ అడగవచ్చు. 2024 జులై 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే భద్రతా సాఫ్ట్‌వేర్‌లోని లోపంతో దాదాపు 85 లక్షల విండోస్ కంప్యూటర్లు నీలి తెరతో నిలిచిపోయినప్పుడు, చాలాచోట్ల బాగుచేసే పద్ధతి తెలిసినా ఈ కీ చేతిలో లేక ఆలస్యమైంది. మీ మైక్రోసాఫ్ట్ ఖాతాలో అది దొరుకుతుంది. ఇప్పుడే కాగితం మీదికి ఎక్కించి బీరువాలో పెట్టండి. ఖాతా పాస్‌వర్డ్ కూడా గుర్తుండాలి, సేఫ్ మోడ్‌లో పిన్ పనిచేయకపోవచ్చు.

ఇంత చేసినా తెర నల్లబడిందనుకోండి. ముందు విండోస్, కంట్రోల్, షిఫ్ట్ మీటలతోపాటు ‘బి’ నొక్కండి. గ్రాఫిక్స్ డ్రైవర్ తిరిగి మొదలవుతుంది, చిన్న బీప్ వినిపిస్తుంది. తర్వాత కేబుల్ చూడండి. ఊడ్చే హడావిడిలో ఊడిన తీగను కార్డుకు బదులు మదర్‌బోర్డుకు గుచ్చిన సందర్భాలు నేను చూశాను. తెర కనిపిస్తుంటే డివైస్ మేనేజర్‌లో కార్డు ప్రాపర్టీస్ తెరిచి ‘రోల్ బ్యాక్ డ్రైవర్’ నొక్కండి. ఆ బటన్ మసకగా ఉంటే వెనక్కి వెళ్లడానికి పాతది మిగల్లేదని అర్థం. అప్పుడు పెన్‌డ్రైవ్ తీయాలి. మొదట నెట్ తీగ పీకండి, వైఫై ఆపండి. లేదంటే ఇటు మీరు తుడుస్తుంటే అటు విండోస్ తన డ్రైవర్‌ను మళ్లీ దింపుకుంటుంది. షిఫ్ట్ పట్టుకుని రీస్టార్ట్ నొక్కి, ట్రబుల్‌షూట్ మీదుగా స్టార్టప్ సెట్టింగ్స్‌కు చేరి, 4 నొక్కితే సేఫ్ మోడ్ వస్తుంది. అసలేమీ కనిపించకపోతే, విండోస్ మొదలవుతుండగా వరుసగా రెండు మూడుసార్లు పవర్ బటన్ నొక్కిపట్టి ఆపితే రికవరీ తెర వస్తుంది. సేఫ్ మోడ్‌లో డీడీయూతో తుడిచి, రీస్టార్ట్ చేసి, మీ డ్రైవర్ ఎక్కించి, ఆ తర్వాతే నెట్ పెట్టండి. కరెంటు పోయే సూచనలున్నప్పుడు, ముఖ్యంగా ఈశాన్య రుతుపవనాల రోజుల్లో, యూపీఎస్ లేకుండా ఈ పనికి దిగకండి.

ప్రతిసారీ వెనక్కి వెళ్లడమే మందు కాదు. 2025 అక్టోబరు విండోస్ 11 అప్‌డేట్ తర్వాత కొన్ని గేముల వేగం తగ్గితే, ఎన్విడియా నవంబరులో 581.94 అనే హాట్‌ఫిక్స్ (అత్యవసర సవరణ) డ్రైవర్ ఇచ్చింది. అక్కడ కొత్తదే విరుగుడు. ఎన్విడియా డ్రైవర్లలో, ఎడిటింగ్‌కైతే ఆటలకోసం చేసిన గేమ్ రెడీ కాకుండా స్టూడియో డ్రైవర్ వాడటమే నాకు నచ్చుతుంది. ఇంకా జీటీఎక్స్ 1060 లాంటి పాస్కల్ తరం పాత కార్డులతో నెట్టుకొస్తున్నవారికి ఒక మాట: వాటికి 2025 అక్టోబరుతో కొత్త గేమ్ రెడీ డ్రైవర్లు ఆగిపోయాయి, 2028 అక్టోబరు దాకా భద్రతా సవరణలు మాత్రమే వస్తాయి. మీ ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ కొత్త వెర్షన్‌కు మారేముందు అది అడిగే కనీస డ్రైవర్ వెర్షన్ చూసుకోండి.

క్రాష్ అవగానే కొత్త కార్డు కోసం రిచీ స్ట్రీట్ ఎలక్ట్రానిక్స్ బజారుకు పరుగెత్తకండి. ‘రిలయబిలిటీ మానిటర్’ తెరిస్తే ఏ రోజు ఏ అప్‌డేట్ దిగిందో, ఏ రోజు ఏది కూలిందో తేదీలవారీగా కనిపిస్తుంది. రెండూ ఒకే రోజైతే డ్రైవర్‌ను అనుమానించండి. అప్‌డేట్ ఊసే లేకుండా, రెండర్ మొదలైన అరగంటకే పడిపోతుంటే దుమ్ము, వేడి, పవర్ సప్లై చూడాలి. కర్తరి ఎండల్లో చెన్నైలో ఏసీ లేని గదిలో కంప్యూటర్ ఏం చేస్తుందో చెప్పనక్కర్లేదు.

మా దగ్గర ఒక పాత నిశ్చితార్థం ప్రాజెక్టు ఉంది, పది నిమిషాలది. ఆషాఢంలో దాన్ని రెండర్ చేసి, ఎన్ని నిమిషాలు పట్టిందో డ్రైవర్ నంబరు పక్కనే రాసి కేబినెట్‌కు అంటించాం. రెండో మంగళవారం తర్వాత రోజు పొద్దున్నే, గిరాకీ ఫైలు ముట్టుకోకముందు, కుర్రాడు ముందు దాన్నే నడుపుతాడు. సమయం తేడా వస్తే ఆ తర్వాతే నాకు ఫోన్.