సియెరా వాగుల్లో బంగారం కడగబోయే ముందు: మే, జూన్ నెలల జాగ్రత్తలు

మే నెలాఖరి సోమవారం మెమోరియల్ డే, మూడు రోజుల సెలవు. కాలిఫోర్నియాలో శాక్రమెంటో, ఫోల్సమ్, రోజ్‌విల్ వైపు అప్పటికే ఎండలు ముదురుతాయి. చాలా తెలుగు ఇళ్లలో ఇండియా నుంచి అమ్మానాన్నలు వచ్చి ఉంటారు. 1848 జనవరి 24న రంపపు మిల్లు కట్టిస్తున్న జేమ్స్ మార్షల్ కంటికి బంగారం కనబడ్డ కొలోమా అక్కడికి దగ్గరే. ఇసుకలోంచి బంగారం కడిగి తీసే ప్లాస్టిక్ పళ్లెం, అంటే పాన్, ఒకటి కొనుక్కుంటే చాలు, ఇంటిల్లిపాదీ కారెక్కేస్తారు.

సరిగ్గా ఆ రోజుల్లోనే సియెరా నెవాడా కొండల మీద శీతాకాలమంతా పేరుకున్న మంచు కరిగి, అమెరికన్ నది మూడు పాయల్లోకీ యూబా నదిలోకీ దిగుతూ ఉంటుంది. గట్టు మీద ఒళ్లు మాడిపోయే ఎండ. కాలు పెడితే ఎగువ పాయల్లో నీరు తరచూ 10 డిగ్రీల సెల్సియస్‌కు అటూ ఇటూగా ఉంటుంది. కొత్తగా వెళ్లేవాళ్లు ముందు పాముల గురించీ ఎలుగుబంట్ల గురించీ అడుగుతారు. వాటి సంగతి తర్వాత చెప్పుకోవచ్చు. ఈ వాగుల్లో ప్రాణాలు తీసేది నీళ్లే. అందుకే ఇందులో సగానికి పైగా నీళ్ల గురించే రాస్తున్నాం.

మా సలహా సూటిగా ఇది: మే, జూన్ నెలల్లో మోకాలి కిందకు మించి నీళ్లలోకి దిగవద్దు. ఒరవడి ఉన్నచోట అదీ వద్దు. లోతుకు దిగి కడగాలనుకుంటే ఆగస్టు చివరి నుంచి అక్టోబరు దాకా ఆగండి. అప్పటికి నది సన్నబడుతుంది, బండలు బయటపడతాయి. అయితే అదే మంటలు రేగే కాలం కూడా కాబట్టి, బయలుదేరే ముందు రెడ్ ఫ్లాగ్ హెచ్చరిక ఉందేమో చూసుకోండి. ఉంటే ఆ రోజు ప్రయాణం మానేయాలి. లోయల్లోకి దారి చాలాచోట్ల ఒక్కటే ఉంటుంది.

వేసవి మొదట్లో వెళ్లినా నష్టపోయేది పెద్దగా లేదు. బంగారం సాంద్రత 19.3, మామూలు తెల్లరాయిది 2.65. వరదలో కొట్టుకొచ్చిన రేణువు, నీటి వేగం తగ్గిన మొదటిచోటే కిందికి దిగిపోతుంది. వంపు లోపలి వైపు గులకరాళ్ల మేట, పెద్ద బండకు దిగువ వైపు నీరు నెమ్మదించే చోటు, ప్రవాహానికి అడ్డంగా చీలిన రాతి సందులు చూడాలి. వీటిలో చాలా భాగం శీతాకాలపు వరద వచ్చినప్పుడే మునుగుతుంది, మేలో ఒడ్డునే ఉంటుంది. చేతితో, పాన్‌తో అందే బంగారం అక్కడే ఉంటుంది. నది మధ్యలో నడుంలోతు నీటిలో నిలబడినవాడికి అడుగున ఉన్న మట్టి చేతికే రాదు. తవ్వేలోపు ఒరవడి లాగేస్తుంది.

చన్నీటి దెబ్బ

గోదావరి కాలువల్లో ఈది పెరిగినవాళ్లకు ఈత వచ్చన్న ధైర్యం ఉంటుంది. ఆ ఈత గోరువెచ్చని నీళ్లది. 10 డిగ్రీల నీటిలో పడగానే మనిషి తనకు తెలియకుండానే ఒక్కసారి గట్టిగా ఊపిరి పీలుస్తాడు. ఆ క్షణంలో నోరు నీటి కింద ఉంటే ఊపిరితిత్తుల్లోకి నీరు పోతుంది. గజ ఈతగాళ్లు కూడా మునిగిపోయేది ఇక్కడే. ఊపిరి అదుపులోకి రావడానికి దాదాపు 1 నిమిషం పడుతుంది. ఆ తర్వాత చేతులూ కాళ్లూ చెప్పినట్టు వినేది 10 నిమిషాలే. ఒంటి వేడి పడిపోయి స్పృహ తప్పడానికి గంట దాకా పట్టవచ్చు. కానీ లైఫ్ జాకెట్ లేనివాళ్లు అందులో చాలామంది అంతసేపు తేలి ఉండరు. నీటి అంచున ఉండే ప్రతి ఒక్కరికీ, పెద్దలకు కూడా, ఒంటికి సరిపోయే లైఫ్ జాకెట్ ఉండాలని మేం పట్టుబట్టేది ఇందుకే. చేతులకు గాలి బుడగలు తొడిగితే సరిపోతుందనుకోవద్దు. అవి ఈతకొలనుకే.

జారి పడితే వెల్లకిలా తిరిగి, పాదాలు దిగువ వైపు పెట్టి, కాలివేళ్లు నీటిపైకి కనబడేలా తేలాలి. లేచి నిలబడాలనిపిస్తుంది, నిలబడవద్దు. అడుగున రెండు బండల మధ్య పాదం ఇరుక్కుంటే, వెనక నుంచి వచ్చే నీరు మనిషిని ముందుకు వంచి ముంచేస్తుంది. మోకాలు లోతు చాలు అందుకు. చేతులతో తెడ్డు వేస్తూ పక్కనున్న నెమ్మది నీటిలోకి చేరాలి. ఎదురుగా కొమ్మలున్న పడిపోయిన చెట్టు కనిపిస్తే మాత్రం పద్ధతి మార్చాలి. బోర్లా తిరిగి దానివైపే గట్టిగా ఈది, మీదికి ఎగబాకాలి. కిందికి వెళ్తే ఆ కొమ్మల్లోంచి నీళ్లు పోతాయి గానీ మనిషి ఇరుక్కుపోతాడు.

గట్టు మీదున్నవాళ్లు వెంటనే దూకేయవద్దు. కర్ర అందించండి, తాడు విసరండి. సంచిలో చుట్టి పెట్టే 50 నుంచి 70 అడుగుల తేలే తాడు పడవ సామాన్ల దుకాణాల్లో దొరుకుతుంది. దాన్ని కారులో ఉంచితే ఉపయోగం లేదు, పాన్ పక్కనే ఉండాలి.

నీరు ఎందుకు పెరుగుతుంది

వాన లేకపోయినా ఈ నదులు రోజులో పెరుగుతాయి. దీనికి రెండు కారణాలు. ఒకటి మంచు: పైన మధ్యాహ్నం కరిగిన నీరు కిందికి దిగేసరికి సాయంత్రమో రాత్రో అవుతుంది. అందుకే డ్యామ్ లేని పాయల్లో పొద్దున దాటిన వాగు సాయంత్రం దాటలేనంతగా మారుతుంది. రెండోది డ్యామ్: అమెరికన్ నది దక్షిణ పాయ (సౌత్ ఫోర్క్) మీద చిల్లీ బార్ డ్యామ్ నుంచి కరెంటు ఉత్పత్తికీ రాఫ్టింగ్ పడవలకూ నీరు వదులుతారు. కొన్ని వందల క్యూసెక్కులున్న నది వెయ్యి దాటిపోతుంది. డ్యామ్ దగ్గర వదిలిన నీరు మీరున్నచోటికి రావడానికి సమయం పడుతుంది కాబట్టి, మీరు కూర్చున్నప్పుడు అంతా నెమ్మదిగానే కనిపిస్తుంది.

బయలుదేరే రోజు పొద్దున్నే ఇంటర్నెట్‌లో యూఎస్‌జీఎస్ (అమెరికా భూగర్భ సర్వే సంస్థ) కొలమానాలు గానీ, నదుల ప్రవాహం చూపించే డ్రీమ్‌ఫ్లోస్ పేజీ గానీ తెరిచి ఆ పాయలో ఎన్ని క్యూసెక్కులున్నాయో చూడండి. అంకె కన్నా గీత ముఖ్యం. గత మూడు రోజుల గీత పైకి ఎక్కుతుంటే వెళ్లవద్దు. రోజూ ఒకే వేళకు లేస్తూ దిగుతూ ఉంటే, లేచే వేళకు గంట ముందే నది నుంచి బయటపడేలా లెక్క వేసుకోండి.

అక్కడికి చేరాక నీటి అంచున ఒక తెల్లని గులకరాయి పెట్టి, ప్రతి 15 నిమిషాలకూ చూడండి. రాయి తడిసిందంటే సామాను సర్దేయండి. ఎంత తడిసిందని కొలుస్తూ కూర్చోవద్దు. ఆకులూ పుల్లలూ ఒక్కసారిగా తేలి రావడం, నీటి రంగు మారడం, చప్పుడు బరువెక్కడం కూడా ఆ గుర్తులే. నది మధ్యలోని ఇసుక దిబ్బ మీదికీ, వాగు దాటి అవతలి ఒడ్డుకీ ఈ కాలంలో పోవద్దు. వెళ్లేటప్పుడు పాదం మునిగిన నీళ్లు వచ్చేటప్పుడు తొడల దాకా ఉండవచ్చు.

పాన్ మీద కళ్లు, నది మీద ఎవరి కళ్లు?

బంగారం కడిగే పనిలోనే ఒక ప్రమాదం దాగి ఉంది. తల వంచి, కళ్లు పాన్‌లో పెట్టి, గంటలు గడిచిపోతాయి. అందుకే గుంపులో ఒకరు పాన్ ముట్టకుండా నదినీ పిల్లల్నీ మాత్రమే చూడాలి, అరగంటకొకసారి మనిషి మారాలి. మీరు కూర్చునేటప్పుడు ఎగువ వైపు ముఖం పెట్టండి.

చేయి తిరిగితే నది దగ్గర గడిపే సమయం తగ్గుతుంది. కాబట్టి ముందే ఇంట్లో సాధన చేయండి. వెడల్పాటి టబ్బులో నీళ్లు పోసి, 14 అంగుళాల పాన్‌లో మూడింట రెండొంతులు ఇసుక, గులకరాళ్లు నింపండి. సుత్తితో చదును చేసిన చిన్న సీసపు గుళ్లు 10 అందులో కలపండి. పాన్ మొత్తం నీటిలో ముంచి, రెండు పక్కలకూ గట్టిగా ఊపాలి, బరువైనవి అడుక్కి దిగేదాకా. పెద్ద రాళ్లు కడిగి తీసేయాలి. తర్వాత గాడులున్న వైపు కొద్దిగా వంచి, ముంచుతూ ఎత్తుతూ పై పొర మాత్రమే పోనివ్వాలి. మూడు నాలుగు ముంపులకోసారి వంపు మాని మళ్లీ ఊపాలి. కొత్తవాళ్లు ఈ రెండో ఊపు మర్చిపోతారు, బంగారం అక్కడే జారిపోతుంది. చివరికి ఒక చెంచాడు నల్ల ఇసుక మిగలాలి, అందులో పదికి పది గుళ్లూ ఉండాలి. సీసం పిల్లల చేతికి ఇవ్వకండి, పని అయ్యాక సబ్బుతో చేతులు కడుక్కోండి.

నది దగ్గర మాత్రం ఒరవడి లేని నిలువ నీటి గుంట వెతుక్కుని కడగండి. నియోప్రీన్ చేతి తొడుగులు లేకుండా ఆ చన్నీటిలో వేళ్లు తొందరగా మొద్దుబారతాయి, అప్పుడు రేణువులూ జారతాయి, మనుషులూ జారతారు. వేలి ఉంగరాలు ఇంట్లోనే పెట్టి రండి. చలికి వేళ్లు సన్నబడి ఉంగరం జారిపోతుంది.

బట్టల విషయం పెద్దవాళ్లకు ముందే చెప్పాలి. చీర, చున్నీ, లుంగీ తడిస్తే కాళ్లకు చుట్టుకుంటాయి, లేవనివ్వవు. నూలు బట్ట తడిస్తే చలిని పట్టి ఉంచుతుంది. త్వరగా ఆరే ప్యాంటు, వేళ్లు కప్పే గట్టి అడుగున్న బూట్లు వేయించండి. హవాయి చెప్పులతో నాచు పట్టిన బండ మీద అడుగు పెట్టవద్దు.

తవ్వకం, నియమాలు

ఆబర్న్ స్టేట్ రిక్రియేషన్ ఏరియాలో చేతులూ పాన్ మాత్రమే వాడాలి. పార, గడ్డపార, నీటి పారుదలలో పెట్టి బంగారం పట్టే స్లూయిస్ పెట్టె కుదరవు. స్టేట్ పార్కుల నియమం ప్రకారం మనిషికి రోజుకు 15 పౌండ్లకు మించి రాయీ మట్టీ తీసుకెళ్లకూడదు. కొలోమా పార్కులో వంతెన దాటి తూర్పు ఒడ్డున కేటాయించిన చోటే కడగాలి. మోటారుతో పీల్చే డ్రెడ్జ్ యంత్రాలు కాలిఫోర్నియాలో 2009 నుంచి ఆగిపోయాయి. నేషనల్ ఫారెస్టులోకి వెళ్తే, ఆ స్థలం ఎవరి క్లెయిమ్ (తవ్వుకునే హక్కు) కిందైనా ఉందేమో ప్రభుత్వ భూములు చూసే కేంద్ర శాఖ బీఎల్ఎమ్ వారి రికార్డుల్లో ముందే చూడండి. బోర్డు లేకపోయినా క్లెయిమ్ ఉండవచ్చు. ఎవరైనా వచ్చి ఇది మాది అంటే వాదన పెట్టుకోకుండా లేచి రండి.

పార అనుమతించే చోట్లలో జరిగే ఘోరం ఒకటే రకం: పెద్ద బండ కింద మంచి బంగారం ఉంటుందని దాని అడుగు తోడేయడం. టన్నుల బరువున్న బండను పట్టి ఉంచేది ఆ మట్టే. మట్టి తీస్తే అది కదిలేముందు చప్పుడు చేయదు. గట్టులోకి సొరంగంలా తవ్వినా ఇంతే. తవ్విన గుంతలు మీరు బయలుదేరే ముందు పూడ్చేయండి.

కంటికి కనబడని సందులో చేయి పెట్టవద్దు. ర్యాటిల్‌స్నేక్ మధ్యాహ్నం చల్లని రాతి నీడలోనే ఉంటుంది. కరిస్తే కోయడం, పీల్చడం, తాడు కట్టడం, ఐస్ పెట్టడం, ఏదీ చేయవద్దు. వాపు ఎక్కకముందే గడియారం, గాజులు తీసేసి, మనిషిని నెమ్మదిగా ఉంచి 911కు కబురు చేసి ఆసుపత్రికి చేర్చాలి. లోయలో చాలాచోట్ల సిగ్నల్ ఉండదు. ఉపగ్రహం ద్వారా కబురు పంపే పరికరం తీసుకెళ్లండి, లేదా ఐఫోన్ 14, ఆ తర్వాతి ఫోన్లలో ఉన్న ఎస్‌ఓఎస్ సదుపాయాన్ని ముందే నేర్చుకోండి. ఏ వంతెన దగ్గర కారు ఆపుతున్నారో, ఎన్నింటికి తిరిగొస్తారో ఇంట్లో ఒకరికి రాసి ఇవ్వండి.

పాత గనుల నోళ్లు కొండవాలులో కనిపిస్తాయి. లోపల ప్రాణవాయువు లేని గాలి ఉండవచ్చు, కప్పు కూలవచ్చు. గుమ్మంలో కూడా నిలబడవద్దు. వాగు నీరు ఎంత తేటగా ఉన్నా, కడుపు చెడగొట్టే జియార్డియా అనే క్రిమి ఉండవచ్చు, కాచకుండా తాగవద్దు. మూడేసి ఆకులుండే, ఒంటికి తగిలితే దురద పుట్టించే పాయిజన్ ఓక్ మొక్క జిగురు బట్టలకూ పాన్‌కూ అంటి ఇంటిదాకా వస్తుంది. ఇంటికి రాగానే బట్టలు విడిగా ఉతికి, ఒళ్లు సబ్బుతో చల్లటి నీళ్లలో కడుక్కోవాలి. పిల్లల చెవుల వెనకా, మోకాళ్ల వెనకా పిడుదులున్నాయేమో చూడాలి.

పాదరసం

పాన్ అడుగున వెండిలా మెరుస్తూ దొర్లే బొట్టు కనిపిస్తే, లేదా బంగారు రేణువు తెల్లబడి ఉంటే, అది పాదరసం. 19వ శతాబ్దంలో కొండల్ని నీటి ఫిరంగులతో కొట్టి కడిగినవాళ్లు బంగారాన్ని పట్టడానికి పెట్టెల్లో పాదరసం పోసేవారు. 1884 జనవరిలో సాయర్ జడ్జి తీర్పు ఆ మట్టిని నదుల్లోకి వదలడాన్ని ఆపించింది. ఆ కాలంలో కాలిఫోర్నియా వాగుల్లో కలిసిపోయింది దాదాపు కోటి పౌండ్లని అంచనా. ఇంకా అడుగున ఉంది.

ఆ రేణువును మూకుడులో వేడి చేసి తెల్లదనం పోగొడదామని ఎప్పుడూ అనుకోవద్దు. ఆ ఆవిరి కంటికి కనబడదు, వాసన రాదు, నేరుగా మెదడును దెబ్బతీస్తుంది. నైట్రిక్ యాసిడ్ కూడా ఇంట్లో చేసే పని కాదు. పాదరసం బంగారు గాజుకో మంగళసూత్రానికో తగిలితే అంటుకుని తెల్లబరుస్తుంది, కాబట్టి పాన్ పట్టేవాళ్ల చేతులకు బంగారం ఉండకూడదు, తొడుగులు ఉండాలి. పీల్చే చిన్న సీసాతో ఆ బొట్టును తీసి, మరమూత ఉన్న ప్లాస్టిక్ సీసాలో కాస్త నీళ్లతో వేసి బిగించండి. తిరిగి నదిలో పారేయవద్దు, ఇంటి సింకులో ఆ పాన్ కడగవద్దు. సీసాపై పాదరసం అని రాసి, మీ కౌంటీలో ఇంటి ప్రమాదకర చెత్త తీసుకునే కేంద్రంలో అప్పగించండి.