పోర్టెడ్ బాక్సు: మోత ఉంది, బేస్ లేదు

పాలకొల్లు, భీమవరం వైపు కారు డిక్కీలో పోర్టెడ్ బాక్సు (గాలి ఆడే పైపు పెట్టిన స్పీకరు పెట్టె) పెట్టించుకున్నవాళ్ల మాట ఒకటే: “అన్నా, స్పీకరు పోయిందేమో చూడు”. స్పీకరు బాగానే ఉంటుంది. తేడా చెక్కలో, పైపులో ఉంటుంది.

ఏ పాట పెట్టినా ఒకే బొయ్‌మనే మోత

ట్యూనింగ్, అంటే పైపులో గాలి గట్టిగా మోగే హెర్ట్జ్, పైకి జరిగింది. వడ్రంగి చేత 50 లీటర్ల బాక్సు కొట్టించి 34 హెర్ట్జ్‌కి లెక్క వేశారనుకోండి. లోపలి వ్యాసం 10 సెం.మీ. పైపైతే పొడవు 33 సెం.మీ. చాలు. కానీ స్పీకరు అయస్కాంతం, పైపు, లోపలి బద్దలు తినే చోటు ఎవరూ తీసెయ్యలేదు. గాలికి మిగిలింది 42 లీటర్లే. అదే పైపు ఇప్పుడు 37 హెర్ట్జ్ పలుకుతుంది.

పైపు పొడవు లెక్క ఇదీ: సెం.మీ.లో లోపలి వ్యాసం వర్గాన్ని 23,562తో గుణించి, హెర్ట్జ్ వర్గాన్ని లీటర్లతో గుణించగా వచ్చినదానితో భాగించండి. అందులోంచి వ్యాసంలో 0.73 వంతు తీసెయ్యండి. 34 హెర్ట్జ్‌కే 42 లీటర్లకి 41 సెం.మీ. వస్తుంది. అంటే కొత్త బాక్సు అక్కర్లేదు, 8 సెం.మీ. ముక్క అతికిస్తే సరి. పైపు లోపలి కొసకీ ఎదుటి చెక్కకీ మధ్య కనీసం 10 సెం.మీ. ఖాళీ ఉండాలి. చోటు చాలకపోతే ఎల్బో వేసి మలపండి.

రొయ్యల చెరువు దగ్గర మిగిలిన 110 మి.మీ. పీవీసీ ముక్క బ్రహ్మాండంగా పనికొస్తుంది. కాకపోతే ఆ 110 బయటి కొలత. టేపు లోపల పెట్టి కొలవండి.

సరి చూసుకోడానికి ఫోన్లో 45 హెర్ట్జ్ నుంచి ఒక్కొక్కటే తగ్గిస్తూ, తక్కువ సౌండుతో టోన్ పెట్టండి. ఒకచోట కోన్ (స్పీకరులో ముందుకీ వెనక్కీ కదిలే భాగం) దాదాపు నిలబడిపోతుంది, పైపు నోట్లోంచి మాత్రం అరచేతికి గాలి గట్టిగా కొడుతుంది. అదే మీ బాక్సు ట్యూనింగ్.

పైపు బుసకొడుతోంది

పైపు ఇరుకు, లేదా అంచు పదును. ముందు రెండు కొసల అంచులూ గుండ్రంగా అరగదీయండి. పెద్ద పైపు వేద్దామంటే, అదే 42 లీటర్లకి 15 సెం.మీ. పైపు పొడవు 98 సెం.మీ. అవుతుంది. ఎక్కడ పెడతారు?

కోన్ గింజుకుంటోంది, శబ్దం లేదు

పాటలో స్వరం ట్యూనింగ్ కంటే కిందికి దిగితే బాక్సులో గాలి కోన్‌ని పట్టి ఆపదు. సబ్‌సోనిక్ ఫిల్టరు (మరీ కింది స్వరాల్ని ఆపేది) 28 హెర్ట్జ్ దగ్గర పెట్టి, బేస్ బూస్ట్ ఆపేయండి.

వానాకాలం వచ్చాక గరగర

మన తేమకి ఎండీఎఫ్ (చెక్కపీచు అతికి చేసిన పలక) ఉబ్బి అతుకు విడుతుంది. తక్కువ టోన్ పెట్టి అతుకుల వెంట అగరబత్తి తిప్పండి. పొగ అదిరినచోట సందుంది. స్పీకరు విప్పి, సిలికాన్ పూసి, ఒక రోజు ఆరనివ్వండి. తడి సిలికాన్ ఆవిరి కోన్ గమ్ముకి మంచిది కాదు. ఈసారి చేయిస్తే మెరైన్ ప్లైతో (తేమకి తట్టుకునే ప్లైవుడ్) చేయించండి. రేటు ఎక్కువే, కానీ కాలవ గట్టున ఉండేవాడికి తప్పదు.