తుపాన్ల నెలల్లో భారీ సరుకు ఓడెక్కిస్తున్నారా? ముందు ఇవి చూసుకోండి

అక్టోబరు వచ్చిందంటే విశాఖలో భారీ సరుకు ఓడలకెక్కించే మాలాంటివాళ్లం పొద్దున్నే పేపరు కన్నా ముందు అల్పపీడనం సంగతి చూస్తాం. కంటైనర్లో సరుకు పంపేవాళ్లకి ఇంత దిగులుండదు. మామూలు కంటైనర్ తలుపు వెడల్పు సుమారు 2.34 మీటర్లు. అందులో పట్టని ట్రాన్స్‌ఫార్మర్లు, రియాక్టర్లు, బాయిలర్ డ్రమ్ముల్ని మేం ఓడీసీ, అంటే కొలత మించిన సరుకు అంటాం. వాటిని డెక్కు మీదో, ఓడ కడుపులో సరుకు పెట్టే హోల్డులోనో విడిగా కూర్చోబెట్టి కట్టాలి. తంటా అంతా వాటితోనే.

నెల ఎంచుకునే వీలుంటే జనవరి నుంచి మార్చి లోపు పంపండి. ఇక్కణ్నుంచి గల్ఫ్‌కి వెళ్లే సరుకు రెండు సముద్రాలు దాటాలి. జూన్ నుంచి సెప్టెంబరు దాకా నైరుతి రుతుపవనాలతో అరేబియా సముద్రం అల్లకల్లోలంగా ఉంటుంది. ఆ తర్వాత డిసెంబరు దాకా బంగాళాఖాతంలో తుపాన్లు. ప్రాజెక్టు తేదీలు మన మాట ఎక్కడ వింటాయి? కనీసం ఓడ ఆగిపోతే రోజుకింత అని పడే ఖర్చు ఎవరిదో ఒప్పందంలోనే రాయించుకోండి. ప్రమాద హెచ్చరిక వచ్చాక ఆ వాదన తెగదు.

ఓడ రాకముందే సరుకు తెచ్చి జెట్టీ మీద పడెయ్యొద్దు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తాకిడి చూసినవాళ్లెవరూ "అరవై టన్నులు, అదెక్కడికి పోతుందిలే" అనరు. లోపల డొల్లగా ఉండే టవర్‌కి బరువు కన్నా గాలి తగిలే ఒళ్లే ఎక్కువ. ఇంకో సంగతి. హెచ్చరిక నంబరు ఎనిమిదో పదో అయితే ఓడల్ని రేవు నుంచి బయటికి పంపేస్తారు. ఎక్కించడం ఒక పూట పని, కట్టడానికి ఒక్కోసారి రెండు రోజులు పడుతుంది. కట్టడం పూర్తయ్యేదాకా వాతావరణం నిలబడుతుందని తేలకపోతే అసలు క్రేన్ హుక్కే తగిలించొద్దు.

ఓసారి ఒక ఫ్యాక్టరీ నుంచి వెసెల్, అంటే పెద్ద ఇనుప ట్యాంకు వచ్చింది. సీజీ, అంటే బరువు మధ్యస్థానం, డ్రాయింగ్‌లో ఉన్నచోటే పసుపు పెయింటుతో గుర్తు పెట్టారు. డ్రాయింగ్ అయిపోయాక ఒక కొసన నాజిళ్లు (పైపులు తగిలించే మూతులు), క్లీట్లు (చిన్న ఇనుప పట్టీలు) అదనంగా వెల్డింగ్ చేశారని మాకెవరూ చెప్పలేదు. సరుకుని ఎత్తే క్రేన్ తాళ్లు, స్లింగులు బిగుసుకున్నాయి. ఒక కొస జానెడు లేచింది, రెండోది చెక్క మీద నుంచి కదల్లేదు. మా ఫోర్‌మన్ చెయ్యి అడ్డంగా చాపాడు. కళాసీలు ఎక్కడివాళ్లక్కడ ఆగిపోయారు. దింపి, స్లింగులు జరిపి మళ్లీ ఎత్తేసరికి దీపాలు పెట్టే వేళయింది. అప్పట్నుంచీ పేపర్లో బరువు పక్కన "సుమారు" అని కనిపిస్తే నేను ఒప్పుకోను. తయారయ్యాక లోడ్ సెల్ అనే తూకం పరికరంతో తూచిన బరువు కావాలి, సీజీ మళ్లీ లెక్కేసి ఇవ్వాలి. ఎత్తేటప్పుడు కూడా మొదట జానెడు లేపి ఆపి చూడండి.

ఇక కట్టడం. అంతర్జాతీయ సముద్రయాన సంస్థ సరుకు భద్రతా కోడ్‌లో ఒక మోటు లెక్క ఉంది: ఒక్కో పక్క కట్లన్నీ కలిపి సరుకు మొత్తం బరువుకి సరిపోవాలి. రెండు పక్కలా కలిపి కాదు, ఒక్కో పక్క. తెగే బరువు 20 టన్నులున్న చైన్‌కి సగమే, అంటే 10 టన్నులే లెక్క. అరవై టన్నుల సరుకుకి పక్కకి ఆరు చైన్లు. చైన్‌ని తగిలించే ఇనుప కొలికి, షాకిల్‌కీ సగమే. ఒకసారి వాడి పారేసే వైరుకి 80 శాతం, మళ్లీమళ్లీ వాడే వైరుకి 30 శాతమే. చైన్ ఎంత గట్టిదైనా షాకిల్ చిన్నదైతే షాకిల్ లెక్కే లెక్క. డెక్కుతో 60 డిగ్రీలు దాటి నిటారుగా లాగిన కట్టు బోర్లా పడకుండా ఆపుతుందేమో గానీ ఈ లెక్కలోకి రాదు. జెట్టీ మీద నిలబడి చూస్తే అలాంటి కట్లే గట్టిగా కనిపిస్తాయి మరి!

ఇనుము మీద ఇనుము పెట్టొద్దు. తడిస్తే ఆ కోడ్ దానికి రాపిడి సున్నా అంటుంది, మధ్యలో చెక్క వేస్తే 0.3 అంటుంది. డన్నేజ్ అనే ఆ అడుగు చెక్కకి ఐఎస్‌పీఎం-15 ముద్ర (పురుగు లేకుండా శుద్ధి చేశారన్న గుర్తు) ఉందో లేదో చూడండి, లేకపోతే అవతలి రేవులో ఆపేస్తారు. సరుకు జారకుండా డెక్కు మీద అడ్డం పెట్టే స్టాపర్లు వెల్డింగ్ చేయించే ముందు డెక్కు కింద ఇంధన ట్యాంకు ఉందేమో చీఫ్ ఆఫీసర్‌ని అడగాలి. అడిగితే చిన్నతనమేం కాదు.

ఉప్పు గాలికి టార్పాలిన్ చాలదు. నాజిళ్లకి బ్లైండ్ ఫ్లాంజులు, అంటే ఇనుప మూతలు బిగించి లోపల నైట్రోజన్ నింపండి. నూనె తీసేసి పంపే ట్రాన్స్‌ఫార్మర్‌కి దారిలో తగిలే కుదుపుల్ని నమోదు చేసే ఇంపాక్ట్ రికార్డర్ తగిలించి, అది పనిచేస్తోందని బయల్దేరేముందు ఫొటో తీసుకోండి.

సరుకు డెక్కు మీద వెళ్తుంటే ఆ ముక్క బీమా కంపెనీకి ముందే రాతపూర్వకంగా చెప్పండి. ప్యాకింగ్ సరిపోక జరిగిన నష్టానికి అన్ని రిస్కులూ ఉన్న పాలసీ కూడా డబ్బివ్వదు.

మొదటి రాత్రి ఊగుడుకే కట్లు కొంచెం వదులవుతాయి, వాటిని సిబ్బందే తిప్పి బిగించుకోవాలి. కట్లు బిగించే టర్న్‌బకిళ్లకి ఇంకా తిరిగే మరలు మిగిల్చి, డెక్కు మీద నిలబడ్డ మనిషి చేతికి అందే ఎత్తులో కట్టించండి.