తీసివేతలు రావట్లేదా? ముందు కట్టలు విప్పించండి

రెండో క్లాసు, మూడో క్లాసు పిల్లలకి లెక్కలు రావట్లేదని టీచర్ చెప్పగానే మన ఇళ్లలో మొదట జరిగేది ఎక్కాల పుస్తకం తెచ్చి బట్టీ కొట్టించడం. కొన్నాళ్లు దాన్ని పక్కన పెట్టండి. పిల్లాడు ఎక్కడ ఆగిపోయాడో ముందు తెలియాలి కదా.

అది కనుక్కోవడానికి ప్రథమ్ అనే స్వచ్ఛంద సంస్థ అసర్ సర్వేలో (పిల్లలకి చదవడం, లెక్కలు ఎంతవరకు వచ్చో ఇళ్లకి వెళ్లి చూసే సర్వే) వాడే పద్ధతి ఇంట్లో కూడా పనికొస్తుంది. 1 నుంచి 9 లోపు అంకెలు, 11 నుంచి 99 లోపు సంఖ్యలు వరుస తప్పించి ఐదేసి చూపించండి, నాలుగు సరిగ్గా చదివితే చాలు. తర్వాత అప్పు తెచ్చుకునే రెండంకెల తీసివేతలు రెండు ఇవ్వండి, రెండూ రావాలి. సర్వే వాళ్లు తీసివేతతో మొదలుపెట్టి, రాకపోతే కిందికి దిగుతారు గానీ ఇంట్లో తేలికవాటి నుంచి పైకి వెళ్లడమే నయం, మొదటి లెక్కకే తెల్లమొహం వేస్తే ఆ పూటకి ఇక కుదురుగా కూర్చోరు.

చాలామంది చిక్కుకునేది తీసివేత దగ్గరే. 52లోంచి 27 తీసేయమంటే 35 అని రాస్తారు. ఇంటూ పెట్టేయకుండా ఎలా చేశావని అడగండి: 2లోంచి 7 పోదు, అందుకని తిప్పేసి 7లోంచి 2 తీశాడు! ఇది అజాగ్రత్త కాదు. 52 అంటే ఐదు పదులు, రెండు ఒకట్లు అని ఇంకా మనసుకెక్కలేదు, అంతే. పదిసార్లు రాయించినా పదిసార్లూ 35 వస్తుంది.

చీపురు పుల్లలు చిన్న ముక్కలు చేసి పదేసి చొప్పున రబ్బరు బ్యాండ్ వేయించండి. లెక్కపెట్టి కట్టేది పిల్లలే, మీరే కట్టి ఇస్తే సగం పని పోయినట్టే. ఐదు కట్టలు, రెండు విడి పుల్లలు ముందు పెట్టి "నాకు ఇరవై ఏడు ఇవ్వు, ముందు ఏడు విడివి ఇవ్వు" అనండి. విడివి రెండే ఉన్నాయి, చెయ్యి కట్టల మీద కాసేపు ఆగుతుంది. ఆగనివ్వండి, మీరు నోరు మెదపకండి. కట్ట విప్పాక పన్నెండులో ఏడు పోతే ఐదు, మిగిలిన నాలుగు కట్టల్లో రెండు పోతే రెండు, మొత్తం 25. అదే సమయంలో నోట్‌బుక్‌లో 5 కొట్టేసి పైన 4 రాయించండి, అప్పు ఎక్కడి నుంచి వచ్చిందో కళ్లముందే ఉంటుంది. ఆ తర్వాత పది రూపాయల నోట్లు, రూపాయి బిళ్లలతో ఇదే ఆట.

వేళ్లు లెక్కపెడుతున్నారని కసురుకోవద్దు. కాకపోతే 8, 5 కూడమంటే ఒకటి నుంచి మొదలుపెట్టకుండా ఎనిమిది మనసులో, ఐదు వేళ్ల మీద పెట్టుకోవడం అలవాటు చేయండి. వైకుంఠపాళిలో 47 మీద ఉండి ఆరు పడితే, గళ్లు లెక్కపెట్టకముందే ఎక్కడికి వెళ్తావో చెప్పమనండి.

రోజుకి పావుగంట చాలు, బడి నుంచి వచ్చి ఏదైనా తిన్నాకే. తెలంగాణ ప్రభుత్వ బడుల్లో చదవడం, రాయడం, లెక్కల్లో పునాది వేసే తొలిమెట్టు కార్యక్రమం 2022లో మొదలైంది, మీ పిల్లలు అక్కడ చదువుతుంటే ఏ స్థాయిలో ఉన్నారో టీచర్‌ని అడగండి, ఇంట్లోనూ అక్కడి నుంచే పట్టుకోవచ్చు. కొన్ని నెలలు ఇలా చేసినా చిన్న సంఖ్యల్లో ఏది పెద్దదో కూడా తేల్చుకోలేకపోతుంటే ముందు కంటి పరీక్ష చేయించండి, చూపు బాగానే ఉంటే డిస్కాల్‌క్యులియా (అంకెలు, లెక్కలు నేర్చుకోవడంలోనే ఉండే ఇబ్బంది) ఏమోనని పిల్లల డాక్టర్‌ని అడగండి.