వెల్డ్ జాయింట్‌కి ఎఫ్‌ఈఏ చేస్తున్నారా? ఆ ఎర్ర మచ్చ మీదున్న నంబర్ రాసుకోకండి

ఎఫ్‌ఈఏ అంటే వస్తువుని కంప్యూటర్‌లో చిన్న ముక్కల వలగా, అంటే మెష్‌గా, విడగొట్టి స్ట్రెస్ లెక్కించడం. వెల్డ్ ఉన్న మోడల్‌ని మొదటిసారి సాల్వ్ చేసిన ప్రతి ఒక్కరికీ ఇది ఎదురవుతుంది. ఫిల్లెట్ వెల్డ్ (మూలలో త్రికోణంలా వేసే వెల్డ్) అంచు ప్లేట్‌ని కలిసే గీత ఉంటుంది కదా, టో అంటాం, అక్కడ ఎర్రగా 400 మెగాపాస్కల్ చూపిస్తుంది. టెన్షన్ పడి మెష్‌ని సగానికి తగ్గిస్తే 500 దాటుతుంది, ఇంకా తగ్గిస్తే ఇంకా పెరుగుతుంది. మీ తప్పేమీ లేదు. మోడల్‌లో ఆ చోటు పదునైన లోపలి మూల, లీనియర్ ఎలాస్టిక్ లెక్కలో అక్కడ స్ట్రెస్‌కి హద్దు ఉండదు, మెష్ ఎంత సన్నగా చేస్తే అంత పెరుగుతూనే పోతుంది.

అందుకే సాఫ్ట్‌వేర్ తెరవకముందే తేల్చుకోవాల్సింది, ఈ జాయింట్ ఒక్కసారి వచ్చే పెద్ద లోడ్‌కి తెగుతుందేమో చూస్తున్నారా, లేక లక్షలసార్లు వచ్చిపోయే లోడ్‌కి క్రాక్ వస్తుందేమో చూస్తున్నారా అన్నది. రెండింటికీ స్ట్రెస్ తీసే చోటు వేరు, తీసే పద్ధతి వేరు.

మోడల్ కట్టేటప్పుడు నేను అన్నిటికంటే ముందు వెతికే తప్పు ఒకటుంది. టీ జాయింట్‌లో (ఒక ప్లేట్ మీద ఇంకోటి నిలువుగా పెట్టినది) రెండు ప్లేట్లు తాకే ముఖం మొత్తాన్నీ బాండెడ్ కాంటాక్ట్‌గా, అంటే పూర్తిగా అతుక్కున్నట్టు, పెట్టేస్తారు. నిజానికి ఫిల్లెట్ వెల్డ్‌లో ఆ ముఖం అతుక్కోలేదు, లోడంతా రెండు పక్కలా ఉన్న వెల్డ్ గుండానే పోవాలి. ముఖం అతికించేస్తే వెల్డ్ మీద లోడ్ తక్కువగా కనిపిస్తుంది, జాయింట్ భేషుగ్గా ఉందని రిపోర్ట్ వెళ్లిపోతుంది. ఆ ముఖాల నోడ్‌లు (మెష్ ముక్కల మూల బిందువులు) కలవకుండా వదిలేయండి, నొక్కుకునే లోడ్ ఉంటే మామూలు కాంటాక్ట్ ఇవ్వండి.

ఒక్కసారి వచ్చే లోడ్‌కి, అంటే స్టాటిక్ చెక్ అయితే స్ట్రెస్ రంగుల జోలికే పోవద్దు. వెల్డ్ గీత వెంట నోడల్ ఫోర్స్‌లు తీసి, మిల్లీమీటర్‌కి ఎన్ని న్యూటన్లో లెక్కేసి, థ్రోట్‌తో, అంటే వెల్డ్ అడ్డకోతలో అతి సన్నని మందంతో, భాగించండి. 8 మిల్లీమీటర్ల లెగ్ (ఫిల్లెట్ త్రికోణం పక్క పొడవు) ఉంటే థ్రోట్ సుమారు 5.6, మిల్లీమీటర్‌కి 700 న్యూటన్లు వస్తుంటే స్ట్రెస్ 125 మెగాపాస్కల్. మెష్ మారినా ఈ విలువ పెద్దగా కదలదు, చేత్తో వేసిన లెక్కతో పోల్చుకోవచ్చు కూడా. దాన్ని మీరు వాడే కోడ్‌లో వెల్డ్‌కి ఇచ్చిన పరిమితితో పోల్చండి.

ఫెటీగ్, అంటే పదేపదే వచ్చే లోడ్‌కి క్రాక్ రావడం, దగ్గర ఇంకాస్త ఓపిక కావాలి. ఇక్కడ హాట్ స్పాట్ పద్ధతి నాకు అన్నిటికంటే ఆచరణకు దగ్గరగా అనిపిస్తుంది. టో మీద విలువని వదిలేసి, దానికి కొంచెం దూరంలో ప్లేట్ ఉపరితలం మీద రెండు చోట్ల స్ట్రెస్ చదివి, ఆ రెండింటినీ కలిపే గీతని వెనక్కి టో దాకా పొడిగిస్తాం. సన్నటి మెష్‌కి ఐఐడబ్ల్యూ, అంటే అంతర్జాతీయ వెల్డింగ్ సంస్థ, చెప్పే దూరాలు ప్లేట్ మందంలో 0.4 రెట్లు, 1.0 రెట్లు. మొదటిదాన్ని 1.67తో గుణించి, రెండోదాన్ని 0.67తో గుణించి తీసేయాలి. 12 మిల్లీమీటర్ల ప్లేట్ అనుకుందాం, 4.8 దగ్గర స్ట్రెస్ రేంజ్ (ఒక సైకిల్‌లో గరిష్ఠ, కనిష్ఠ స్ట్రెస్‌ల తేడా) 140, 12 దగ్గర 110 వచ్చాయి, అప్పుడు హాట్ స్పాట్ రేంజ్ 160 మెగాపాస్కల్. ఏ స్ట్రెస్ రేంజ్‌కి ఎన్ని సైకిళ్లో చెప్పే గీతల్లో లోడ్ మోసే ఫిల్లెట్‌కి ఫ్యాట్ 90 గీత వాడతాం, అంటే 90 మెగాపాస్కల్ రేంజ్‌కి 20 లక్షల సైకిళ్లు. ఆ గీత వాలు 3, అంటే స్ట్రెస్ పెరిగితే ఆయుష్షు దాని మూడో ఘాతంతో తగ్గుతుంది, కాబట్టి 160కి వచ్చే ఆయుష్షు సుమారు మూడున్నర లక్షల సైకిళ్లు, అదీ సేఫ్టీ ఫ్యాక్టర్ ఇంకా కలపకముందు. ఆ ఘాతం వల్లే స్ట్రెస్‌ని 10 శాతం తగ్గించగలిగినా ఆయుష్షు మూడో వంతుకి పైగా పెరుగుతుంది, కాబట్టి చిన్న డిజైన్ మార్పుని కూడా తేలిగ్గా తీసుకోకండి. ఇంకో మాట, గట్టి గ్రేడ్ స్టీల్ వేస్తే ఫెటీగ్ బాగుపడుతుందని చాలామంది అనుకుంటారు. వెల్డ్ చేసి అలాగే వదిలేసిన జాయింట్‌లో ఆ లాభం రాదు, గ్రేడ్ ఏదైనా వాడేది అదే గీత.

హాట్ స్పాట్ టో క్రాక్‌కి మాత్రమే. లోపల రూట్ (వెల్డ్ లోపలి మూల) నుంచి మొదలయ్యే క్రాక్ బయటికి కనిపించదు, అందుకే నాకు దాని గురించే ఎక్కువ భయం. వెల్డ్ చిన్నదై ప్లేట్ మందంగా ఉంటే ముందు అక్కడే మొదలవుతుంది. దాన్ని థ్రోట్ మీద స్ట్రెస్ రేంజ్‌తో విడిగా, ఫ్యాట్ 36తో చూడండి. రెండు లెక్కల్లో ఏది తక్కువ ఆయుష్షు ఇస్తే అదే జాయింట్ ఆయుష్షు.

చివరిగా, మోడల్‌లో ప్లేట్లు గీత గీసినట్టు సూటిగా ఉంటాయి, షాప్‌లో అలా ఉండవు. సమాన మందం ఉన్న రెండు ప్లేట్ల బట్ జాయింట్‌లో (అంచుకి అంచు కలిపినది) ఒకటి పక్కకి జరిగితే, పక్కన ఆధారమేమీ లేనప్పుడు, స్ట్రెస్ 1 + 3e/t రెట్లు అవుతుంది, e అంటే జరిగిన దూరం, t అంటే మందం. 10 మిల్లీమీటర్ల ప్లేట్ ఒక్క మిల్లీమీటర్ జరిగితే 30 శాతం ఎక్కువ, అంటే ఆయుష్షు సగానికంటే తక్కువ. డ్రాయింగ్‌లో ఎంత వరకు అనుమతించారో చూసి, ఆ మేరకు ప్లేట్‌ని జరిపి మోడల్‌ని ఇంకోసారి నడపండి.